‘లిఫ్ట్’ అంటే ఎత్తా, బరువా?

సందేహం: సైన్యం కొనే ‘మీడియం లిఫ్ట్’ హెలికాప్టర్లను మా అబ్బాయి స్కూలు వ్యాసంలో ‘మధ్యస్థ ఎత్తు హెలికాప్టర్లు’ అని రాశాడు. సరైనదేనా? అలాగే హెలికాప్టర్ల ‘సేకరణ’ అనాలా, ‘కొనుగోలు’ అనాలా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: మీ అబ్బాయి తెలుగు మాట కోసం వెతికినందుకు సంతోషమమ్మా. కానీ ‘మధ్యస్థ ఎత్తు’ అని చదివితే ఆకాశంలో ఓ మోస్తరు ఎత్తున ఎగిరేదని తోస్తుంది. ఇక్కడ లెక్క బరువుది. మన వాయుసేన వాడే మి-17 వి5 మధ్య తరహాది. లోపల 4,000 కిలోల దాకా మోస్తుంది. నెల్లూరు పుట్టి 850 కిలోలు కాబట్టి, అయిదు పుట్ల వడ్లకు కాస్త తక్కువ. దాదాపు 10 టన్నులు మోసే చినూక్ భారీ తరహాది. మరి తేలిక రకమైన చీతా? సియాచిన్‌లో 20,000 అడుగుల ఎత్తున కాపలా కాసే జవాన్లకు సరుకు చేర్చేది అదే. దానికి మూలమైన ఫ్రాన్సువారి లామా 1972లో 12,442 మీటర్ల ఎత్తుకు వెళ్లి రికార్డు నెలకొల్పింది. ఎగిరే ఎత్తును బట్టి పేరు పెడితే అన్నిటికన్నా చిన్నదే పెద్దదైపోతుంది.

అయితే తప్పంతా పిల్లవాడి మీద వేయలేం. ‘ఎత్తు’ అలాంటి మాట. కొండకు ఎత్తు ఉంటుంది, బస్తాను ఎత్తుతాం. పాతరోజుల్లో బరువుకూ ఇదే మాట వాడారు: కాసెత్తు బంగారం, రూపాయెత్తు వెండి. త్రాసులో ఒకవైపు రూపాయి వేసి, ముల్లు నిలిచేదాకా రెండోవైపు వెండి వేస్తే అది రూపాయెత్తు. ఈ అర్థం జనం నోట నిలిచి ఉంటే మీ అబ్బాయి మాట చక్కగా సరిపోయేది.

మా నెల్లూరు వైపు ఇంకో వాడుక ఉంది. గోదావరి వైపు ‘తీసుకురా’ అనేచోట మేము ‘ఎత్తుకురా’ అంటాం. ‘ఆ గ్లాసు ఎత్తుకురామ్మా’ అంటే తెమ్మని. మిల్లు దగ్గర హమాలీ వంగి నిలబడి ‘ఎత్తన్నా’ అంటాడు. పక్కతను బస్తాను వీపు మీదికి చేరుస్తాడు. అక్కడితో ఎత్తడం అయింది, లారీ దాకా నడిచేది మోయడం. హెలికాప్టర్ రెండు పనులూ చేస్తుంది కాబట్టి నాకు మా ‘ఎత్తుకురా’యే దానికి దగ్గరగా అనిపిస్తుంది. వ్యాసంలో మాత్రం ‘మధ్య తరహా రవాణా హెలికాప్టర్లు’ అని రాయమనండి. మధ్య తరహా పరిశ్రమలు, మధ్య తరహా నీటిపారుదల అని రోజూ చదువుతూనే ఉన్నాం, కొత్తగా ఎవరికీ వివరించనక్కర్లేదు.

ఇక సేకరణ. తలా కాస్త పోగు చేసేది సేకరణ: సంతకాలు, చందాలు, పాలు, రైతుల దగ్గర ధాన్యం. ఒకే కంపెనీతో బేరమాడి తెచ్చుకునే హెలికాప్టర్‌కు ఆ మాట అతకదు. ‘కొనుగోలు అంటే డబ్బిచ్చి తేవడమే కదా, టెండర్లు, పరీక్షలు, ఒప్పందాలు ఇవన్నీ అందులోకి వస్తాయా?’ అని కొందరు అడుగుతారు. వస్తాయి. ‘కొను’కు మొదటి అర్థం తీసుకోవడం. చేకొను, గైకొనులో ఉన్నది అదే. మి-17 వి5లు 80 కొనడానికి 2008లో రష్యాతో ఒప్పందం కుదిరింది, 2012 ఫిబ్రవరిలో వాయుసేన వాటిని లాంఛనంగా చేర్చుకుంది. అడగడం దగ్గర మొదలై చేతికి అందేదాకా నడిచిందంతా కొనుగోలే.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ‘రక్షణ హెలికాప్టర్’ అని రాస్తే రక్షణ శాఖదా, జనాన్ని రక్షించేదా తేలదు. 2021 నవంబరు వరదల్లో మన పడుగుపాడు దగ్గర రైలుపట్టాలు కొట్టుకుపోయిన రోజుల్లోనే, అనంతపురం జిల్లా చిత్రావతిలో చిక్కుకున్న 10 మందిని మి-17తో కాపాడారు. అలాంటిచోట మీ అబ్బాయి ఇలా రాస్తే చాలు: ‘వాయుసేన హెలికాప్టర్ ఏటి మధ్యలో ఉన్న 10 మందిని కాపాడి ఒడ్డుకు చేర్చింది.’