మనసు మాట ఎక్కడ చెల్లుతుంది?

చిరంజీవికి, ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కథలో చివరి పేరా తీసేయమని సంపాదకుడు అంటున్నాడు, మనసు ఒప్పుకోవడం లేదన్నావు. నవల పూర్తి చేయడానికి ఉద్యోగం మానేయమని కూడా అదే మనసు చెబుతోందన్నావు. మొదటిచోట దాని మాట చాలావరకు వినొచ్చు. రెండోచోట అప్పుడే వద్దు.

అమెరికాలో గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అగ్నిమాపక దళాల నాయకుల నిర్ణయాలను పరిశీలించాడు. ఆయన చెప్పిన ఉదంతం ఒకటుంది. ఓ ఇంటి వంటగదిలో మంటలు. ఎంత నీళ్లు కొట్టినా లొంగడం లేదు. ముందుగదిలో వేడి మరీ ఎక్కువ, చప్పుడు మరీ తక్కువ. ఎందుకో తెలియకుండానే నాయకుడు అందర్నీ బయటికి రమ్మన్నాడు. వాళ్లు బయటపడగానే నేల కూలింది. అసలు మంట కింద సెల్లార్‌లో ఉంది! తనకేదో అతీంద్రియ శక్తి ఉందనుకున్నాడు ఆ నాయకుడు. నిజానికి ఎన్నో మంటలు చూసిన అనుభవం అది. ఈ మంట మిగతావాటిలా లేదని ఆలోచన కంటే ముందే పట్టేసింది.

మనసు తీర్పులు ఎలా పొరబడతాయో చూపినవాడు డేనియల్ కానెమన్. 2002లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. ఈయనా క్లైనూ ఎదురెదురు పక్షాలవాళ్లు. అయినా 2009లో కలిసి వ్యాసం రాసి ఒక మాట మీదికి వచ్చారు. ఆ రంగంలో ఓ క్రమం ఉండాలి, దాన్ని నేర్చుకునేంత సాధన ఉండాలి, తప్పొప్పులు తొందరగా తెలుస్తుండాలి. అవి ఉన్నచోటే మనసు మాట నమ్మదగ్గది. ఎంత గట్టిగా అనిపించిందన్నది లెక్కలోకి రాదు.

వాక్యం దగ్గర నీకు ఆ సాధన ఉంది. చిన్నప్పట్నుంచి చదువుతున్నావు, రాసింది వినిపించి ఎదుటివాళ్ల ముఖాలు చూస్తున్నావు. కానీ సంపాదకుడి మనసూ అలా పండిందే. కారణం అడుగు, కథలో అది ఎక్కడ తగులుతుందో చూడు. అప్పటికీ పేరా ఉండాలనిపిస్తే ఉంచెయ్.

ఉద్యోగం మానడంలో నీకేం సాధన ఉంది? ఆ పిలుపు నవలదో, ఆఫీసులో ఎవరిమీదో వచ్చిన కోపానిదో నువ్వే చెప్పలేవు. పైగా తెలుగులో చాలామందిమి సొంత డబ్బుతోనే పుస్తకం అచ్చు వేసుకుంటున్నాం. ఈ సంగతి నీకు దాచలేను.

అలాగని మనసు నోరు నొక్కమనను. 1950ల్లో, ఇరవై దాటిన వయసులో, కానెమన్ ఇజ్రాయెల్ సైన్యంలో కొత్తవాళ్ల ఇంటర్వ్యూ పద్ధతి మార్చాడు. ఆరు గుణాలకు విడివిడిగా, జరిగిన సంగతులనుబట్టి మార్కులు వేయాలన్నాడు. మమ్మల్ని యంత్రాల్ని చేస్తున్నావని ఇంటర్వ్యూ చేసేవాళ్లు గొడవపడ్డారు. సరే, అన్నీ వేశాక కళ్లు మూసుకుని, ఆ మనిషిని సైనికుడిగా ఊహించుకుని ఇంకో మార్కు వేయండన్నాడు. తర్వాత చూస్తే ఆ కళ్లుమూసుకున్న మార్కూ ఆరింటి మొత్తమంత బాగానే పనిచేసిందట. లెక్క ముందు, మనసు తర్వాత. ఆ వరస తప్పకూడదు.

నువ్వూ రాయి. ఇంటి అద్దె, అమ్మానాన్నల మందులు, చేతిలో ఉన్న డబ్బు, మళ్లీ ఉద్యోగం దొరికే వీలు, ఇప్పుడు వారానికి నిజంగా ఎన్ని పేజీలు రాస్తున్నావన్నది. ఒకదాని మార్కు ఇంకోదానికి అంటనీయకు. అన్నీ అయ్యాక కళ్లు మూసుకుని, జీతం రాని సంక్రాంతి పండగని ఊహించుకో.

మానేయాలనే తేలితే, రాజీనామాకు ముందు జీతం లేని సెలవు రెండు నెలలు ఇస్తారేమో అడుగు. రోజంతా నీదే అయినప్పుడు నవల ఎంత కదులుతుందో అక్కడ తెలుస్తుంది. ఆ రెండు నెలల్లో రాసింది నాకు పంపించు, చదువుతాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి