ఎక్స్ అక్షానికి వై = 0 ఎందుకు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

తొమ్మిదో తరగతి పిల్లల కోసం నీవు రాసి పంపిన నిరూపక జ్యామితి పాఠాన్ని రెండుసార్లు చదివాను. భాష తేటగా ఉంది. అయితే రెండో పేరాలోనే ‘ఎక్స్ అక్షం సమీకరణం వై = 0, వై అక్షం సమీకరణం ఎక్స్ = 0’ అని ఒక గడిలో పెట్టి ముందుకు సాగిపోయావు. పాఠం మొత్తంలో పిల్లలు తడబడే చోటు అదే. ఎక్స్ అక్షం అన్న పేరు విన్న పిల్లవాడు దాని సమీకరణంలో ఎక్స్ ఉండాలనుకోవడం సహజం. పేరుకూ సమీకరణానికీ ఉన్న తేడాను మనం చెప్పకపోవడమే తప్పు.

విజయవాడలో బందరు రోడ్డుకు ఆ పేరు అది ఎటు పోతుందో చూసి పెట్టినది. నీవు ఆ రోడ్డు మీద ఉన్నావో లేదో తేల్చాలంటే మాత్రం బందరు ఎంత దూరమో అడిగి లాభం లేదు, రోడ్డు నుంచి పక్కకు ఎంత జరిగావో చూడాలి. అక్షం పేరు మొదటిది చెబుతుంది, సమీకరణం రెండోది చెబుతుంది. ముందుగా (3, 0), (−7, 0), (2.5, 0), (0, 0) అనే బిందువులను గుర్తించమని, వాటిలో మారుతున్నదేదో మారనిదేదో అడుగు. ఎక్స్ నిరూపకం ఏ విలువైనా తీసుకోవచ్చు కనుక దాని మీద షరతు లేదు, వై మాత్రం సున్నాను విడిచిపెట్టదు. అక్షం మీది ప్రతి బిందువుకూ వై సున్నా అని చెప్పి ఆగిపోకుండా, వై సున్నా అయిన ప్రతి బిందువూ ఆ అక్షం మీదే ఉంటుందని కూడా రాయి. ఈ రెండో మాటను చాలామంది రచయితలు మింగేస్తారు. ఇంటర్మీడియట్‌లో బిందుపథం, అంటే ఒక షరతుకు లోబడే బిందువులన్నిటి సమితి, చదివేనాడు పిల్లలకు అక్కరకు వచ్చేది అదే.

‘పేరులోని అక్షరాన్ని తారుమారు చేయండి’ అనే చిట్కా ఒకటి నేనూ తొలిరోజుల్లో రాసి సంబరపడ్డాను. త్రిపరిమాణ నిరూపకాల దగ్గరకు వచ్చేసరికి అది కూలిపోయింది. అక్కడ ఎక్స్ అక్షానికి వై = 0, జెడ్ = 0 అని రెండు సమీకరణాలు కావాలి, వై = 0 ఒక్కటే అయితే అది ఒక తలం. సంఖ్యారేఖ మీద ఎక్స్ = 0 అంటే బిందువు, కాగితం మీద రేఖ, గదిలో అయితే గోడ.

2ఎక్స్ + 3వై = 6 అనే రేఖ ఎక్స్ అక్షాన్ని ఎక్కడ ఖండిస్తుందో కనుక్కునేటప్పుడు వై = 0 ‘పెట్టమన్నావు’. రెండు రేఖల సమీకరణాలను జతగా సాధిస్తున్నామని ఒక్క వాక్యం చేర్చు, ఎక్స్ = 3 ఎందుకు వచ్చిందో అప్పుడు తెలుస్తుంది.

ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ 1637లో ఈ అక్షాల జతను గీశాడన్న వాక్యాన్ని తీసివెయ్యి. ఆయన ఆ ఏడాది ప్రచురించిన జ్యామితి గ్రంథంలో మన గ్రాఫు కాగితం మీది లంబాక్షాల జత కనిపించదు. అదే కాలంలో మరో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా కూడా రేఖలను సమీకరణాలతో చెప్పే ఈ దారిలోనే ఆలోచించాడు, కాకపోతే ఆయన రచన 1679లో, మరణానంతరం అచ్చయింది.

చివరి అభ్యాసంగా ఎక్స్, వైల లబ్ధం సున్నా అయ్యే బిందువులన్నిటినీ గుర్తించమను. రెండక్షాలూ ఒకే సమీకరణంలో బయటపడతాయి. జవాబును మాత్రం పుస్తకం వెనక అచ్చు వేయించకు.

ఆశీస్సులతో.