అమెరికా కంపెనీ లైసెన్సు కావలిలో చెల్లుతుందా?

ప్రశ్న: కావలిలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్‌కి రెండేళ్ల కిందట ఒక అమెరికా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒక్క కంప్యూటర్‌కి కొని మూడింటిలో వేసుకున్నాం. ఇప్పుడు రూ.2.10 లక్షలు కట్టమని మెయిల్ వచ్చింది. తగాదా వస్తే కాలిఫోర్నియా చట్టమే అని ఒప్పందంలో ఉంది. అక్కడి కాగితం ఇక్కడ చెల్లదని స్నేహితులంటున్నారు. పాప చదువుకని వేసిన రూ.3 లక్షల ఎఫ్‌డీ తీసి కట్టేయాలా, ఊరుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. పాప చదువుకని దాచిన డబ్బు అలాగే ఉండనివ్వండి. ముందు ఆ మెయిల్ నిజంగా ఆ కంపెనీదేనా చూడండి. మెయిల్‌లోని లింకు నొక్కకుండా, కంపెనీ వెబ్‌సైట్‌కి మీరే వెళ్లి అడగండి. లైసెన్సు పేరు చెప్పి బెదిరించే మోసగాళ్లూ ఉన్నారు.

మెయిల్ అసలుదే అయితే మీ స్నేహితుల మాట నమ్ముకోకండి. ‘ఐ అగ్రీ’ నొక్కిన ఒప్పందం మన దగ్గరా ఒప్పందమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సంతకం పెట్టిన కాగితమే ఉండాలనలేదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 10ఏ సెక్షన్ చెబుతోంది. దానికి మించినది కాపీరైట్. విదేశీ సాఫ్ట్‌వేర్‌కీ మన 1957 కాపీరైట్ చట్టం రక్షణ ఇస్తుంది. అనుమతి లేని కాపీ అని తెలిసి కూడా వ్యాపారంలో వాడితే 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. అంటే కంపెనీ కాలిఫోర్నియా మాటే ఎత్తకుండా ఇక్కడే కేసు వేయగలదు. నన్ను కలవరపెట్టేది ఇదే.

అక్కడ గెలిచి ఇక్కడ వసూలు చేయడం మాత్రం అంత తేలిక కాదు. బ్రిటన్, సింగపూర్, యూఏఈ లాంటి దేశాల పైకోర్టుల డిక్రీలను (తీర్పు ఉత్తర్వులను) ఇక్కడి కోర్టులో నేరుగా అమలు పెట్టుకోవచ్చు. అమెరికా ఆ జాబితాలో లేదు. అక్కడి తీర్పు పట్టుకుని ఇక్కడ మళ్లీ దావా వేయాల్సిందే. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు మధ్యవర్తి తీర్పు చెప్పే పద్ధతి) అని ఉంటే కథ వేరు. అలాంటి తీర్పుల అమలుకు దేశాలు చేసుకున్న 1958 న్యూయార్క్ ఒప్పందంలో మనమూ ఉన్నాం కాబట్టి అక్కడి మధ్యవర్తి తీర్పును (అవార్డు) ఇక్కడ అమలు పెట్టుకోవచ్చు. ఆ ఒక్క మాట మీ ఒప్పందంలో ఉందో లేదో ఈ రోజే వెతకండి.

ఇక రూ.2.10 లక్షలు. అది వాళ్లు అడిగిన అంకె, ఏ కోర్టూ తేల్చింది కాదు. మిగతా రెండు కంప్యూటర్లలో వాడకం ఆపి, ఆపిన తేదీ రాసిపెట్టుకోండి. ఏ మెయిలూ చెరిపేయొద్దు. తప్పు ఒప్పుకుంటూ జవాబు రాయకముందే నెల్లూరులోనో ఒంగోలులోనో కాపీరైట్ వ్యవహారాలు తెలిసిన లాయర్‌ని కలవండి. ఇకపై అవసరమైన లైసెన్సులు కొంటాం, పాత బాకీ ఇంతకు తెంపుకుందాం అని ఆయన ద్వారా బేరం పెట్టండి. తేలిన మొత్తం కట్టేముందు, ఇక మీపై ఏ క్లెయిమూ లేదని రాతపూర్వకంగా తీసుకోండి.

దానికి డబ్బు కావాలంటే ఎఫ్‌డీ బద్దలు కొట్టక్కర్లేదు. దాన్నే హామీగా పెట్టి ఓవర్‌డ్రాఫ్ట్ (అవసరమైనంత వాడుకునే అప్పు) అడగండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది. రూ.60 వేలు తీసుకుని ఆరు నెలల తర్వాత తీర్చారనుకోండి, 9 శాతం చొప్పున వడ్డీ రూ.2,700. పాప డిపాజిట్‌కి మాత్రం వడ్డీ వస్తూనే ఉంటుంది.

రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కొన్నందుకు విదేశీ కంపెనీకి కట్టే సొమ్ము రాయల్టీ (కాపీరైట్ హక్కు వాడుకున్నందుకు ఇచ్చే సొమ్ము) కాదని 2021 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి లైసెన్సు ధరపై టీడీఎస్ (కట్టేముందే పన్ను కోయడం) భయం అక్కర్లేదు. రాజీ సొమ్ము సంగతి, మీకు జీఎస్టీ ఉంటే రివర్స్ చార్జ్ (అమ్మినవాళ్ల బదులు కొన్నవాళ్లే పన్ను కట్టడం) సంగతి ఆడిటర్‌ని అడగండి. డాలర్లలో కార్డుతో కడితే బ్యాంకు వేసే మార్కప్ (డాలర్ల మార్పిడికి అదనపు రుసుము) కూడా లెక్కలో పెట్టుకోండి.

మూడు కంప్యూటర్లూ నిజంగా అవసరమా అన్నది ముహూర్తాలు లేని నెలలో ఒకసారి చూడండి. అవసరమే అయితే ఏడాది లైసెన్సు ఖర్చును ఏడాదికి చేసే ఆల్బమ్‌ల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని ఒక్కో ఆల్బమ్ ధరలో కలపండి.