బ్లోయర్‌కు డ్రైవ్, డ్రైవ్‌కు డ్యాక్: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మేము తోతాపురి గుజ్జుతో తాండ్ర తయారు చేస్తాం. అకాల వర్షాలకు తట్టుకోలేక ఆరబెట్టడానికి ఒక గది కట్టుకున్నాం. గదిలో వేడి పెరిగేకొద్దీ బ్లోయర్ వేగం పెరగాలని ఆర్డ్యునో ఊనో (ప్రోగ్రాంతో నడిచే చిన్న బోర్డు), ఎంసీపీ 4725 డ్యాక్ మాడ్యూల్ (సంఖ్యను వోల్టేజీగా మార్చేది), త్రీఫేజ్ మోటారుకు వీఎఫ్‌డీ డ్రైవ్ (సరఫరా హెర్ట్జ్ మార్చి మోటారు వేగాన్ని మార్చేది) అమర్చాను. ప్రోగ్రాంలో గరిష్ఠ విలువ ఇచ్చినా డ్రైవ్ 25 హెర్ట్జ్ దాటడం లేదు. పైగా ఉదయం కరెంటు వేయగానే, ప్రోగ్రాం మొదలయ్యే లోపే, బ్లోయర్ కాసేపు నెమ్మదిగా తిరుగుతోంది. మాడ్యూల్ చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, దామలచెరువు

సమాధానం: మీరు చెప్పిన లక్షణాలను బట్టి మాడ్యూల్ చక్కగా పనిచేస్తోందనే అనిపిస్తోంది. మొదటి చిక్కు వోల్టేజీకి సంబంధించినది. ఎంసీపీ 4725 పన్నెండు బిట్ల డ్యాక్ కాబట్టి 0 నుంచి 4095 వరకు మీరు పంపే సంఖ్యను వోల్టేజీగా మారుస్తుంది. అయితే దానికి విడిగా రిఫరెన్స్ ఏదీ లేదు. తనకు అందే సరఫరా వోల్టేజీనే కొలబద్దగా తీసుకుంటుంది. ఊనో నుంచి 5 వోల్టులు ఇచ్చారు గనుక అది ఇవ్వగలిగే గరిష్ఠం 5 వోల్టులే. మీ డ్రైవ్ 0–10 వోల్టుల సంకేతాన్ని 0–50 హెర్ట్జ్‌గా చదువుతుంటే, 5 వోల్టులకు సరిగ్గా 25 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది.

ముందుగా డ్రైవ్ మాన్యువల్‌లో అనలాగ్ ఇన్‌పుట్ పారామీటర్లు చూడండి. చాలా డ్రైవ్‌లలో గరిష్ఠ ఇన్‌పుట్‌ను 5 వోల్టులకు మార్చుకునే వీలుంటుంది, అదే జరిగితే ఒక్క భాగం కూడా కొనవలసిన పని లేదు. ఆ వీలు లేకపోతే ఎల్‌ఎం 358 ఆప్‌యాంప్‌తో, రెండు సమానమైన 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో వోల్టేజీని రెట్టింపు చేసుకోవచ్చు. ఆ ఆప్‌యాంప్‌కు 12 వోల్టుల సరఫరా ఇవ్వాలి. ఎల్‌ఎం 358 అవుట్‌పుట్ సరఫరా కంటే సుమారు 1.5 వోల్టులు కిందనే ఆగిపోతుంది కాబట్టి 10 వోల్టుల సరఫరాతో 10 వోల్టులు రావు. డ్రైవ్ మీద పొటెన్షియోమీటర్ కోసం ఉండే 10 వోల్టుల టెర్మినల్ నుంచి ఆప్‌యాంప్‌కు కరెంటు తీసుకోకండి. ఆర్డ్యునో గ్రౌండ్‌ను డ్రైవ్ అనలాగ్ కామన్‌కు కలపాలి, న్యూట్రల్‌కు మాత్రం ఎంతమాత్రం కలపకూడదు.

రెండో చిక్కే ఎక్కువ ఆలోచించవలసినది, ఎందుకంటే బ్లోయర్ పక్కన మనుషులు నిలబడి ట్రేలు సర్దుతుంటారు. ఈ చిప్‌లో కరెంటు పోయినా చెరగని ఈఈప్రామ్ అనే మెమరీ ఉంది. కరెంటు రాగానే చిప్ అందులో ఉన్న విలువనే బయటకు ఇస్తుంది. కొత్త చిప్‌లో ఫ్యాక్టరీ నుంచి నింపి ఉండేది సున్నా కాదు, సరిగ్గా సగం విలువ. అంటే ఊనో ఇంకా మేలుకోకముందే డ్రైవ్‌కు 2.5 వోల్టులు అందుతాయి, మోటారు 12.5 హెర్ట్జ్ దిశగా ఎక్కడం మొదలుపెడుతుంది. ఆ క్షణంలో డ్యాక్ అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్ పెడితే ఇది కళ్లారా కనిపిస్తుంది.

దీనికి విరుగుడు ఒక చిన్న ప్రోగ్రాంతో ఈఈప్రామ్‌లో సున్నా ఒక్కసారి రాయడం. ఆ తర్వాత ప్రధాన ప్రోగ్రాంలో ఈఈప్రామ్‌లో రాయమనే ఆదేశం ఉండనే కూడదు. దాని ఆయుష్షు సుమారు 10 లక్షల రాతలు. సెకనుకు పదిసార్లు రాస్తూ పోతే అది 28 గంటల్లోనే తీరిపోతుంది. అయితే సున్నా రాసినంత మాత్రాన నిశ్చింతగా ఉండవద్దని నా గట్టి సలహా. డ్రైవ్‌కు నడవమని చెప్పే రన్ టెర్మినల్‌ను మీరు శాశ్వతంగా జంపర్ తీగతో కలిపి ఉంటారని ఊహిస్తున్నాను. ఆ తీగ తీసి, ప్రోగ్రాంతో నడిచే స్విచ్ లాంటి రిలే ద్వారా ఇవ్వండి, ఉష్ణోగ్రత సెన్సర్ సరైన విలువ చూపించాకే ప్రోగ్రాం ఆ రిలేను కలపాలి. ఎమర్జెన్సీ స్టాప్ మీట మాత్రం ఆర్డ్యునో మీద ఆధారపడకుండా విడిగా ఉండాలి. డ్రైవ్ మూత తీసే ముందు కరెంటు ఆపి, మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగండి, లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ మిగిలి ఉంటుంది.

ప్రశ్న: ఊనోలో అనలాగ్‌రైట్ ఆదేశం ఉండగా విడిగా డ్యాక్ ఎందుకు? మా ప్రాజెక్టులో ఒక ఫ్యాను వేగం మార్చాలి.
– ఇంజనీరింగ్ విద్యార్థిని, తిరుపతి

సమాధానం: పేరులో అనలాగ్ ఉన్నా ఊనోలో ఆ ఆదేశం ఇచ్చేది పీడబ్ల్యూఎం, అంటే సెకనుకు సుమారు 490 సార్లు 0కూ 5 వోల్టులకూ మధ్య మారే సంకేతం. 5, 6 నంబరు పిన్నుల మీద అది సుమారు 980 సార్లు. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌తో వడగడితే సగటు వోల్టేజీ మిగులుతుంది. 490 హెర్ట్జ్ దగ్గర సగం డ్యూటీలో, అంటే సంకేతం సగం సమయం 5 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు, అలల ఎత్తు దాదాపు 25 మిల్లీవోల్టులు ఉంటుంది, కొత్త విలువకు పూర్తిగా చేరడానికి అర సెకను పడుతుంది. పైగా ఎనిమిది బిట్లు కాబట్టి ఒక్కో మెట్టు సుమారు 20 మిల్లీవోల్టులు. పన్నెండు బిట్ల డ్యాక్‌లో అది 1.2 మిల్లీవోల్టులే. వోల్టేజీ సంకేతంతో నడిచే ఫ్యానుకు వడగట్టిన పీడబ్ల్యూఎం ధారాళంగా సరిపోతుంది, దానికోసం డ్యాక్ కొనడం అనవసరమని నా అభిప్రాయం. సన్నని మెట్లు, వేగంగా మారే తరంగాలు కావలసినప్పుడు మాత్రం డ్యాక్ తప్పదు. ఎంసీపీ 4725 కొత్త విలువకు సుమారు 6 మైక్రోసెకన్లలో చేరుకుంటుంది, అయితే బోర్డునూ డ్యాక్‌నూ కలిపే ఐ టూ సీ తీగల మీద ఆ విలువను పంపడానికి పట్టే సమయం అంతకంటే చాలా ఎక్కువ.

ప్రశ్న: ఈఎస్‌పీ 32 కోసం రాసిన డ్యాక్ ప్రోగ్రాం నా ఈఎస్‌పీ 32 ఎస్3 బోర్డు మీద కంపైల్ కావడం లేదు. రెండు అవుట్‌పుట్లు కావాలి.
– ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: పాత ఈఎస్‌పీ 32లో 25, 26 పిన్నుల మీద ఎనిమిది బిట్ల డ్యాక్‌లు రెండు ఉన్నాయి. ఎస్3లో, సీ3లో డ్యాక్ లేనే లేదు, కనుక ప్రోగ్రాం ఎంత సరిదిద్దినా ఫలితం ఉండదు. రెండు ఎంసీపీ 4725 మాడ్యూళ్లు తీసుకుని, ఒకదాని ఏ0 పిన్‌ను గ్రౌండ్‌కు, రెండోదాని ఏ0 పిన్‌ను సరఫరాకు కలిపితే వాటి చిరునామాలు వేరవుతాయి, రెండూ అవే ఐ టూ సీ తీగల మీద పనిచేస్తాయి. ఎస్3 పిన్నులు 3.3 వోల్టులవి కాబట్టి మాడ్యూళ్లకు కూడా 3.3 వోల్టులే ఇవ్వండి. మాడ్యూల్ మీద ఆ తీగలను సరఫరా వోల్టేజీ దగ్గర నిలిపే పుల్‌అప్ రెసిస్టర్లు సరఫరాకే కలిసి ఉంటాయి, 5 వోల్టులు ఇస్తే అదే వోల్టేజీ ఎస్3 పిన్నులకూ చేరుతుంది.