ఎత్తైన బుక్ రాక్ ఊగుతుంటే ముందుగా వెనక షీటు చూడండి, తర్వాత నేల, ఆ తర్వాత గోడ

మీరు చెప్పింది ఇదీ: హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్. ముక్కలుగా డబ్బాలో వచ్చిన బుక్ రాక్‌లు రెండు, ఒక్కోటి 202 సెంటీమీటర్ల ఎత్తు, 80 వెడల్పు, 28 లోతు. బిగించి నిలబెట్టాక ఒకటి పక్కకు ఊగుతోంది, ఇంకోటి ముందుకు వాలింది. ఇంట్లో రెండేళ్ల పాప. గోడకు రంధ్రాలు వద్దని ఓనర్ గారు అంటున్నారు కాబట్టి కింద అట్టముక్కలు పెడితే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండీ. మా ఇంట్లోనూ అక్కావాళ్ల ఇంట్లోనూ ఇలాంటివి బిగించిన అనుభవంతో చెప్తున్నాను. ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి. రాక్ ఖాళీ చేసి, పై మూల మీద చెయ్యి వేసి మెల్లగా పక్కకు తోయండి. అడుగు కదలకుండా పైభాగం మాత్రమే జరిగితే తేడా బిగింపులో ఉన్నట్టు. మొత్తం రాక్ ఒక్కసారిగా ఊగి కింద ఒక మూల లేస్తే తేడా నేలలో ఉన్నట్టు.

బిగింపు తేడా అయితే పదిసార్లలో తొమ్మిదిసార్లు వెనక షీటు దగ్గరే ఉంటుంది. ఆ పల్చటి షీటు దుమ్ము పడకుండా వేసేదని చాలామంది అనుకుంటారు, రెండు మేకులు కొట్టి వదిలేస్తారు. నిజానికి రాక్‌ను మూలమట్టంగా పట్టి ఉంచేది అదే. కామ్ లాకులూ (ఇనుప పిన్ను తలను పట్టుకుని, తిప్పితే బిగిసే గుండ్రటి బిళ్లలు) చెక్క పిన్నులూ పలకల్ని ఒకదానికొకటి పట్టి ఉంచుతాయి కానీ, చట్రం పక్కకు ఒరగకుండా ఆపలేవు.

మీరు మళ్లీ మొదటి నుంచీ విప్పాల్సిన పనిలేదు. ఇద్దరు కలిసి రాక్‌ను దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టండి. షీటు మేకులు తీసేసి, టేపుతో మూల నుంచి ఎదురు మూలకు రెండువైపులా కొలవండి. ఈ సైజుకు దాదాపు 217 సెంటీమీటర్లు వస్తుంది. రెండు కొలతలూ సమానంగా ఉండాలి, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా ఫర్వాలేదు. ఎక్కువ వచ్చిన వైపు మూలల్ని ఒకదాని వైపు ఒకటి నెట్టుతూ సమానం చేయండి. ఆ కొలత చెదరకుండా ముందు నాలుగు మూలల్లో మేకులు కొట్టి, మళ్లీ కొలిచి, అప్పుడు అంచుల వెంబడి మిగతావి కొట్టండి. మధ్యలో కదలని అర ఉంటే షీటును దానికీ బిగించాలి. ఆ బుల్లి మేకుల్ని పట్టుకోవడానికి దువ్వెన వాడండి, పళ్ల మధ్య మేకు నిలబడుతుంది, వేలికి దెబ్బ తగలదు.

ఆ చేత్తోనే కామ్ లాకులు కూడా చూసుకోండి. ఇనుప పిన్ను తల లోపలికి పూర్తిగా వెళ్లాక చేతి స్క్రూడ్రైవర్‌తో గట్టిపడేదాకా తిప్పాలి. డ్రిల్ మెషీన్‌తో తిప్పొద్దు, పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) లోపల పొడైపోతే ఆ రంధ్రం మళ్లీ పట్టదు.

ఇక నేల. మన ఫ్లాట్లలో బాల్కనీ వైపు, బాత్రూమ్ వైపు నేలకు కొద్దిగా వాలు ఉండటం మామూలే. కంటికి ఆనదు గానీ రాక్‌కు తెలుస్తుంది. 28 సెంటీమీటర్ల లోతులో ముందువైపు 3 మిల్లీమీటర్లు దిగితే చాలు, 202 సెంటీమీటర్ల ఎత్తున పైభాగం రెండు సెంటీమీటర్లకు పైగా ముందుకు వస్తుంది. మీ రెండో రాక్ ముందుకు వాలినట్టు కనిపించడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు.

హార్డ్‌వేర్ షాపులో చిన్న రసమట్టం కొనుక్కోండి. అరమీద పెట్టి చూసి, అదే చోట దాన్ని అటుదిటు తిప్పి మళ్లీ చూడండి. రెండుసార్లూ బుడగ ఒకే చోట నిలిస్తే మట్టం సరైనదే. ఫోన్ యాప్ కూడా పనికొస్తుంది కానీ కెమెరా ఉబ్బు వల్ల ఫోన్ వెల్లకిలా సమంగా కూర్చోదు, పక్క అంచు మీద నిలబెట్టాలి. ముందు వెనకల వాలు కోసం మట్టాన్ని పక్క పలక ముందంచుకు నిలువుగా ఆనించండి.

అట్టముక్క మాత్రం పెట్టకండి. బరువుకు నలుగుతుంది, తడిగుడ్డ పెట్టినప్పుడు నీళ్లు పీల్చి ఆ తడిని బోర్డు అంచుకు ఎక్కిస్తుంది. వడ్రంగి దగ్గర సన్‌మైకా తుక్కు ముక్కలు అడగండి, ఒక్కోటి సుమారు 1 మిల్లీమీటరు మందం ఉంటుంది కాబట్టి కావలసినన్ని దొంతరగా పెట్టుకోవచ్చు. పక్క పలకల కిందే పెట్టాలి, బరువు దిగేది అక్కడే.

ఇంత చేశాక రాక్ కదలకుండా నిలబడుతుంది. కానీ పాప ఎక్కితే ఆగదు. మట్టం సరిచేయడం వేరు, గోడకు బిగించడం వేరు. రెండు రాక్‌లనూ ఒకదానికొకటి స్క్రూలతో కలిపినా పక్క ఊపు తగ్గుతుందే తప్ప ముందుకు పడే ప్రమాదం పోదు. పిల్లలకు అరలంటే మెట్లే. 2016 జూన్‌లో అమెరికాలో ఐకియా దాదాపు 2.9 కోట్ల సొరుగుల అల్మరాలను వెనక్కి పిలిచింది, గోడకు బిగించనివి మీద పడి పిల్లలు చనిపోయారు కాబట్టే.

ఓనర్ గారితో ఇది ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక్కో రాక్‌కు 8 మిల్లీమీటర్ల రంధ్రాలు ఒకటో రెండో, అవీ రాక్ వెనకే ఉంటాయి, ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టి రంగు వేయిస్తామని వాట్సాప్‌లో రాసివ్వండి. రెండువైపులా అంటుకునే టేపుల్ని నమ్మొద్దు, బరువు పడితే అవి రంగు పొరతో సహా ఊడొస్తాయి. ఆయన ఎంతకీ ఒప్పుకోకపోతే పాప తిరిగే గదిలో ఆ రాక్‌లను నిలబెట్టకండి, దయచేసి.

డ్రిల్ చేసే ముందు స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా ఉన్న గోడను వదిలేయండి, వైర్ల పైపు సాధారణంగా అక్కడే వెళ్తుంది. బాత్రూమ్‌తో కలిసిన గోడలో నీళ్ల పైపులుంటాయి. రంధ్రం వేస్తుంటే పొడి రంగు గమనించండి. ముందు ప్లాస్టరింగ్ బూడిదరంగు పొడి వస్తుంది. తర్వాత ఎర్రగా మారితే ఇటుక గోడ, మామూలు నైలాన్ ప్లగ్గు (స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దూర్చే గొట్టం) చాలు. తెల్లటి మెత్తని పొడి వస్తూ బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగిపోతే తేలిక బ్లాకుల గోడ, వెంటనే డ్రిల్ హామర్ మోడ్ (తిరుగుతూనే సుత్తిలా కొట్టే పద్ధతి) ఆపేసి ఆ గోడకని అమ్మే పొడుగు ప్లగ్గు తెచ్చుకోండి. బిట్టు అసలు దిగకపోతే కాంక్రీటు, దానికి రోటరీ హామర్ ఉన్నవాళ్లను పిలవాలి. ఏ గోడైనా ప్లగ్గు ప్లాస్టరింగ్ దాటి లోపలికి వెళ్లాలి.

గోడ అడుగున అంటించే టైల్ పట్టీ (స్కర్టింగ్) వల్ల రాక్‌కూ గోడకూ మధ్య సందు వస్తే, రాక్‌ను వెనక్కి వంచి ఆనించకండి. పైన ఆ సందు మందానికి చెక్క ముక్క పెట్టి, దాని మీదుగా రాక్‌ను గోడకు పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్ బిగించండి.

నిఘంటువులు, ఎన్‌సైక్లోపీడియాలు అట్టడుగున సర్దండి. నెలరోజులు పోయాక బ్రాకెట్ స్క్రూలు ఒకసారి బిగించి, మట్టం మళ్లీ చూసుకోండి. పుస్తకాల బరువు పడ్డాక సన్‌మైకా ముక్క ఒకటి తీయాల్సో, ఒకటి కలపాల్సో రావచ్చు.