వెలుగు సోకగానే కంటిలోని ప్రోటీన్‌లో ఏం జరుగుతుంది?

ప్రశ్న: సాయంత్రం రామకృష్ణా బీచ్‌లో కూర్చుంటే డాల్ఫిన్స్ నోస్ మీది దీపస్తంభం వెలుగు ఇటు తిరగడమే ఆలస్యం, కంటికి తెలిసిపోతుంది. కంటిలోని ప్రోటీన్ సెకనులో లక్ష కోట్లవ వంతు కూడా పట్టకుండా ఆకారం మార్చుకుంటుందని మా అబ్బాయి డిగ్రీ పుస్తకంలో చదివాను. అంత స్వల్ప వ్యవధిని ఎలా కొలిచారు? అసలు అంత వేగం దేనికి?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీరు చదివింది నిజమే కాని, అంత వేగంగా కదిలేది ప్రోటీన్ మొత్తం కాదు, దాని నడుమ ఒదిగి ఉండే రెటినాల్ అనే చిన్న అణువు. ఎ-విటమిన్ నుంచి తయారయ్యే ఈ అణువు రొడాప్సిన్ అనే ప్రోటీన్‌లో చీకటి వేళ వంగి ఉంటుంది. కాంతికణాన్ని గ్రహించగానే దాని 11, 12 కార్బన్ల మధ్య ఉన్న ద్విబంధం మెలితిరిగి ఆ వంపు విడిపోతుంది. ఆవు కంటి రొడాప్సిన్‌లో ఈ మలుపు 200 ఫెమ్టోసెకన్లలో పూర్తవుతుందని 1991లో అమెరికాలోని బర్క్‌లీ శాస్త్రవేత్తలు తేల్చారు. సెకనును లక్ష కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వెయ్యి ముక్కలు చేస్తే వచ్చేదే ఫెమ్టోసెకను.

ఇంత స్వల్ప వ్యవధిని కొలవడానికి రెండు లేజర్ మెరుపులు వాడతారు. మొదటిది చలనాన్ని మొదలుపెడుతుంది, రెండోది ఆ క్షణంలో అణువు ఏ రంగు కాంతిని ఎంత పీల్చుకుంటున్నదో చెబుతుంది. రెంటి మధ్య వ్యవధిని గడియారంతో కాక దూరంతో నిర్ణయించడం ఈ పద్ధతిలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునే విషయం: రెండో మెరుపు దారిలోని అద్దాన్ని 15 మైక్రోమీటర్లు వెనక్కి జరిపితే, రానూపోనూ 30 మైక్రోమీటర్ల దారి పెరిగి, అది 100 ఫెమ్టోసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రసాయన చర్యలను ఈ విధంగా చూడవచ్చని నిరూపించిన అహ్మద్ జెవెయిల్‌కు 1999లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక వేగం దేనికంటే, మలుపు ఆలస్యమైతే కాంతి ఇచ్చిన శక్తి వేడిగా వృథా అయిపోతుంది. రొడాప్సిన్ గ్రహించిన ప్రతి మూడు కాంతికణాల్లో దాదాపు రెండు ఈ మలుపుకు ఉపయోగపడతాయి. రెటినాల్‌ను ప్రోటీన్ నుంచి వేరు చేసి ద్రావణంలో ఉంచితే అది ఇంత చురుగ్గా తిరగదు, ఇంత ఫలితమూ ఇవ్వదు. కనుక దాన్ని ముందే తగిన మెలికలో పట్టి ఉంచుతున్న ఘనత చుట్టూ ఉన్న ప్రోటీన్‌దే.

ఆ ప్రోటీన్ మాత్రం తీరిగ్గా కదులుతుంది. తిన్నబడిన రెటినాల్ ఒత్తిడికి దానిలో స్ప్రింగుల్లా చుట్టుకొని ఉండే ఏడు సర్పిలాలు క్రమంగా సర్దుకొని, కొన్ని మిల్లీసెకన్ల తరువాత గాని పక్కనున్న ట్రాన్స్‌డ్యూసిన్ అనే ప్రోటీన్‌ను మేల్కొల్పవు. మెదడుకు చేరవలసిన సంకేతం అక్కడి నుంచే మొదలవుతుంది.