సెల్ఫ్ మోటారు మార్చే ముందు మీటరు పెట్టి చూడండి

పాత బండ్ల వైరింగ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాది 2009 మోడల్ 125 సీసీ బండి. సెల్ఫ్ నొక్కితే సీటు కింద ‘టక్’మని ఒక్క చప్పుడు వస్తుంది, అంతే. కిక్కు కొడితే ఒక్క దెబ్బకే స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ ఈ మధ్యే కొత్తది వేయించిన. హారన్ గట్టిగానే మోగుతుంది. మోటారు పోయింది, కొత్తది వేయాలంటున్నరు. నిజమేనా సార్?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: అప్పుడే మోటారు కొనకండి. ఆ ‘టక్’ చప్పుడు స్టార్టర్ రిలేది, అంటే బటన్ నొక్కగానే బ్యాటరీ కరెంటును మోటారుకు కలిపే స్విచ్చుది. అది వినిపిస్తోందంటే సెల్ఫ్ బటన్, క్లచ్ స్విచ్, న్యూట్రల్ స్విచ్, వాటి సన్న వైర్లు పనిచేస్తున్నట్టే. చప్పుడే రాకపోతే అప్పుడు వాటిని వెతకాలి. మీ బండిలో తేడా లావు వైర్ల దారిలో ఉంది: బ్యాటరీ ప్లస్ నుంచి రిలేకు, అక్కడి నుంచి మోటారుకు, ఇంజిన్ బాడీ నుంచి ఎర్త్ వైరు మీదుగా తిరిగి మైనస్‌కు. హారన్ మోగుతోంది కదా అని ఈ దారి బాగుందనుకోవద్దు. హారన్‌కు రెండు మూడు ఆంపియర్లు చాలు, మోటారుకు పదుల ఆంపియర్లు కావాలి. తుప్పు పట్టిన బోల్టు మీదుగా హారన్‌కు సరిపడా కరెంటు పోతుంది, మోటారుకు పోదు. లో ఓల్టేజీలో బోరు మోటారు తిరగకుండా గుయ్యిమన్నట్టే ఇదీ.

మామూలు డిజిటల్ మల్టీమీటరు ఒకటి చాలు. డీసీ ఓల్టేజీ 20 దగ్గర పెట్టండి, బండి న్యూట్రల్‌లో ఉంచండి. మీటరు ముళ్లను వైరు క్లిప్పుల మీద కాదు, బ్యాటరీ పోల్స్ మీదే ఆనించండి. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున 12.6 దగ్గర చూపాలి. అలాగే పట్టుకుని సెల్ఫ్ నొక్కండి. అంకె 10 కన్నా బాగా కిందికి జారితే బ్యాటరీకే బలం లేదు. కొత్తదైనా సరే, మొదటి చార్జింగ్ పూర్తిగా చేయకుండా బిగిస్తే ఇలాగే ఉంటుంది. 12 పైనే కదలకుండా నిలబడితే మాత్రం కరెంటు మోటారు దాకా పోవడమే లేదు.

ఇప్పుడు రిలే మీద ఉన్న రెండు లావు బోల్టులకు ముళ్లు పెట్టండి. సెల్ఫ్ నొక్కకముందు 12 దగ్గర చూపాలి. సున్నా చూపితే మోటారు వైపు దారి తెగింది: కార్బన్లు (మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగిపోయాయి, లేదా మోటారు వైరో ఎర్త్ వైరో ఊడింది. 12 చూపితే, ఇప్పుడు సెల్ఫ్ నొక్కండి. అంకె సున్నా దగ్గరికి పడిపోవాలి. ‘టక్’మన్నా 12 అలాగే ఉంటే రిలే లోపల కరెంటు కలిపే పాయింట్లు కాలిపోయాయి, రిలే ఒక్కటే మార్చండి. స్క్రూడ్రైవరుతో ఆ రెండు బోల్టులను కలిపి చూసే అలవాటు చాలామందికి ఉంది. పెట్రోలు ట్యాంకు పక్కన నిప్పురవ్వ లేపడం అది, దయచేసి చేయకండి.

మూడోది ఎర్త్. ఒక ముల్లు బ్యాటరీ మైనస్ పోల్ మీద, రెండోది ఇంజిన్ మీద పెయింటు లేని చోట పెట్టి సెల్ఫ్ నొక్కండి. 0.3 ఓల్టులు దాటితే ఎర్త్ బాగాలేదు. ఫ్రేమ్‌కు మళ్లీ పెయింటు వేయించిన బండ్లలో ఇది మరీ ఎక్కువ, ఎర్త్ బోల్టు కూర్చునే చోటు కూడా పెయింటు కింద పడిపోతుంది. 10 నంబరు పానాతో బోల్టు తీసి, ఇనుము తెల్లగా మెరిసేదాకా ఎమరీ పేపరుతో గీకి బిగించండి. పైన కాస్త వాజిలిన్ పూయండి.

ఇవన్నీ బాగుంటేనే మోటారు విప్పాలి. ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. రెండు పొడుగు బోల్టులు తీస్తే మూత వస్తుంది. కార్బన్లు కొత్తవాటిలో సగానికి అరిగినా, గూట్లో ఇరుక్కుని స్ప్రింగు తోయలేకపోతున్నా జత మార్చండి. కార్బన్లు ఆనే రాగి భాగం, కమ్యుటేటర్‌ను 400 నంబరు ఎమరీతో తేలిగ్గా తుడిచి, గాడుల్లో పేరుకున్న నల్లపొడి తీసేయండి. నూనె చుక్క కూడా వేయొద్దు. మూత కింద రబ్బరు ఓ-రింగు చిట్లితే తప్పక మార్చాలి, నీళ్లు దిగేది అక్కడి నుంచే. ఇన్ని చేసినా తిరగకపోతే అప్పుడు కొత్త మోటారు.

ప్రశ్న: బ్యాటరీలో నీళ్లు తొందరగా అయిపోతున్నయి, పోస్తూనే ఉన్న. బల్బులు కూడా మాడిపోతున్నయి.
– మిర్యాలగూడ నుంచి

జవాబు: రెండూ ఒకే జబ్బు కావచ్చు. బండి స్టార్ట్ చేసి, కాస్త రేస్ ఇచ్చి పట్టుకుని బ్యాటరీ ఓల్టేజీ చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే చార్జింగ్ ఓల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీని ఉడికించేస్తోంది. మార్చే ముందు దాని ఎర్త్ కూడా శుభ్రం చేసి మళ్లీ చూడండి. 13 కూడా రాకపోతే అది చార్జింగ్ లేకపోవడం. ఇంజిన్‌లో కరెంటు పుట్టించే కాయిల్, దాని వైర్లు కలిసే కనెక్టర్ చూడాలి. కరిగి గోధుమ రంగుకు తిరిగిన కనెక్టర్ కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ఇంకో మాట, ఏ నీళ్లు పోస్తున్నారో మీరు రాయలేదు. మన నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్, లవణాలు ఎక్కువ. ఆ నీళ్లు, క్యాన్ నీళ్లు కూడా బ్యాటరీకి పనికిరావు. ప్లేట్లు పాడవుతాయి. డిస్టిల్డ్ వాటరే, అదీ పై గీత వరకే. యాసిడ్ కలపొద్దు, ఇంకిపోయేది నీరే.

ప్రశ్న: హ్యాండిల్ ఎడమకు తిప్పితే బండి ఆగిపోతుంది, ఒక్కోసారి ఫ్యూజు కొడుతుంది. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టిండ్రు.
– జడ్చర్ల నుంచి

జవాబు: ఆ తీగ ఇవాళే తీసేయండి. షార్టయితే ఫ్యూజు బదులు వైరింగ్ కాలుతుంది, సీటు కింద మంట లేస్తుంది.

హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర వైర్ల కట్ట ఏళ్ల తరబడి వంగీ వంగీ, పైతొడుగు బాగానే ఉన్నా లోపలి తీగ తెగుతుంది, లేదా ఫ్రేముకు రాసుకుని తోలు లేస్తుంది. వెతకడానికి మంచి ఉపాయం ఉంది. ఫ్యూజు తీసి, ఆ రెండు కొనల మధ్య 12 ఓల్టుల 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు కట్టండి. తాళం ఆన్ చేయండి, ఇంజిన్ స్టార్ట్ చేయకండి. షార్టు ఉన్నంతసేపు బల్బు పూర్తి వెలుగుతో మండుతుంది, ఫ్యూజు ఖర్చు ఉండదు. హ్యాండిల్ మెల్లగా తిప్పుతూ కట్టను చేత్తో అక్కడక్కడా కదపండి. ఎక్కడ పట్టుకుంటే బల్బు మసకబారుతుందో అక్కడే షార్టు. అక్కడ టేపు విప్పి, వైర్లను ఒక్కొక్కటిగా వంచి చూడండి. మిగతాచోట్ల గట్టిగా ఉండే వైరు తెగినచోట మెత్తగా జారిపోతుంది.

మెలిపెట్టి టేపు చుడితే మన పాలమూరు ఎండలకు జిగురు కారి నెల తిరక్కుండా ఊడుతుంది. టంకం వేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగండి. అతుకు మెడ వంపులో రాకుండా పక్కకు జరపండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా వైరు లాగకుండా కాస్త వదులుండాలి. వడ్ల బస్తాల పక్కన బండి పెట్టేవారు సీటు కింద కూడా చూసుకోవాలి, ఎలుకలు కొరికిన వైర్లు అక్కడే కనపడతాయి.

ప్రశ్న: పాత స్ప్లెండర్‌లో బ్యాటరీ తీసేసి నడపొచ్చా? హెడ్‌లైటు బాగానే వెలుగుతుంది.
– వనపర్తి నుంచి

జవాబు: ఆ బండ్లలో హెడ్‌లైటుకు కరెంటు ఇంజిన్ కాయిల్ నుంచి నేరుగా వస్తుంది, బ్యాటరీతో పనిలేదు. కిక్కుతో స్టార్ట్ కూడా అవుతుంది. కానీ హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు బ్యాటరీ మీదే ఆధారపడతాయి. రాత్రి పూట వెనక లారీవాడికి మీరు బ్రేకు వేసింది తెలియదు. కొత్త బ్యాటరీ వేయించుకున్నాకే రోడ్డెక్కండి.